పుట్టగొడుగుల గదికి ఇన్‌లైన్ ఫ్యాను, బొగ్గు ఫిల్టరు: మూడున్నరేళ్ల వాడకం తరవాత

2022 మార్చిలో కొన్న ఆరంగుళాల ఇన్‌లైన్ ఎగ్జాస్ట్ ఫ్యాను గురించి, దానికి జతగా వచ్చిన యాక్టివేటెడ్ కార్బన్ ఫిల్టరు గురించి ఇంతకాలం రాయకుండా ఆగాను. మొదటి రెండు నెలల వాడకం చూసి రాసి ఉంటే రెండింటికీ అయిదు స్టార్లు ఇచ్చేదాన్ని. అదే ఏడు నవంబరులో రాసి ఉంటే ఒక్కటి కూడా ఇచ్చేదాన్ని కాదు. ఆ రెండు తీర్పులూ తప్పేనని తేలడానికి నాకు మూడు ఎండాకాలాలు, మూడు వానాకాలాలు పట్టాయి. ఈ రకం ఫ్యాన్లూ ఫిల్టర్లూ ఎవరి ముద్రతో వచ్చినా లోపలి తయారీ దాదాపు ఒక్కటే కాబట్టి కంపెనీ పేరు రాయడం లేదు.

మాది నెల్లూరుకు పెన్న అవతలి ఒడ్డున ఉన్న కోవూరు. మా మిద్దె మీద మూడు గదులున్నాయి. ఒకటి గడ్డి ఉడకబెట్టి సంచులకు ఎత్తే గది, రెండోది స్పాన్ (పుట్టగొడుగు విత్తనం) పాకేదాకా బెడ్లను, అంటే గడ్డి నింపిన సంచులను, వేలాడదీసే చీకటి గది, మూడోది పంట గది. మార్చి నుంచి అక్టోబరు దాకా 30 నుంచి 35 డిగ్రీల వేడిలో బాగా వచ్చే పాల పుట్టగొడుగులు, చలి మొదలైన దగ్గర్నుంచి శివరాత్రి దాకా ముత్యపు చిప్ప పుట్టగొడుగులు వేస్తాను. గడ్డి మాగాణి గడ్డే. ఈ పరగణాలో దానికి కొదవ లేదు.

పుట్టగొడుగులకు వాసన ఏముంటుందని చాలామంది అనుకుంటారు. తాజా పుట్టగొడుగు వాసన నిజంగానే ఇంపైనది. దానికి మూలం ఆక్టెనాల్ అనే పదార్థం. దోమలను ఆకర్షించి పట్టే యంత్రాల్లో ఎరగా కూడా ఈ పదార్థాన్నే వాడతారు గనుక, సాయంత్రమయ్యేసరికి పంట గది కిటికీ వల మీద అవి ఎందుకు మూగుతాయో దోమలకు పేరుపడ్డ నెల్లూరు వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. ఇబ్బంది పెట్టేవి మిగతా వాసనలు. నానిన గడ్డి నుంచి కారే నీళ్లు ఒక్క పూట నిలిస్తే పులిసి కంపు కొడతాయి. చీకటి గదిలో పదిహేను ఇరవై రోజులు వేలాడే సంచుల్లో ఒకటీ అరా చెడితే ముక్కవాసన పుడుతుంది. పంట అయిపోయిన బెడ్లను నాలుగు రోజులు మూలన పడేస్తే అమోనియా ఘాటు కళ్లకు తగులుతుంది. మా తూర్పు పక్కింటి పెద్దమ్మ ఒకనాటి పొద్దున పిట్టగోడ మీదుగా ఇటు వంగి, “ఏంది అమ్మణ్ణీ, మీ ఇంట్లో కుడితి తొట్టి కడిగి ఎన్నాళ్లయిందే?” అని అడిగింది. మా ఇంట్లో గొడ్లు లేవన్న సంగతి ఆమెకు తెలియనిది కాదు. ఆ వారమే ఈ సామాను తెప్పించాను. ఫ్యాను 5,200 రూపాయలు, ఫిల్టరు 6,800 రూపాయలు పడ్డాయి.

అంతకుముందు పంట గదికి వంటింట్లో పెట్టే మామూలు ఎగ్జాస్ట్ ఫ్యానే ఉండేది. దానికి బొగ్గు ఫిల్టరు తగిలిస్తే సరిపోతుందేమోనని ఒక మిత్రుడి ఫిల్టరు తెచ్చి చూశాను. రెక్కలు తిరుగుతూనే ఉన్నాయి గానీ అవతల గాలి రాలేదు. ఆ రకం ఫ్యాను ఎదురు ఒత్తిడి లేని చోట గాలిని నెట్టగలదే తప్ప, రెండంగుళాల మందాన బొగ్గు గుళికలున్న పొర గుండా లాగే శక్తి దానికి ఉండదు. గొట్టం మధ్యలో కూర్చునే ఇన్‌లైన్ ఫ్యాను ఆ పనికోసమే పుట్టింది. అయితే పెట్టె మీద రాసిన అంకెను చూసి మురిసిపోకూడదు. దాని మీద నిమిషానికి 400 ఘనపుటడుగులని ఉంది. గాలి వేగం కొలిచే పరికరం నా దగ్గర లేదు గనుక, బెడ్లకు వాడే పాలిథిన్ గొట్టంలో సుమారు 30 ఘనపుటడుగుల గాలి పట్టేంత ముక్క కోసి, ఒక చివర ముడివేసి, రెండో చివర ఫ్యాను మూతికి తొడిగి, అది బిగుసుకునేదాకా ఫోనులో సెకన్లు లెక్కపెట్టాను. ఫ్యాను ఒక్కటే ఉన్నప్పుడు ఆరు సెకన్లు పట్టింది, అంటే నిమిషానికి 300. ఫిల్టరు, పది అడుగుల గొట్టం, రెండు వంపులు చేర్చాక తొమ్మిది సెకన్లు పట్టింది, అంటే 200. పంట గది 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 9 అడుగుల ఎత్తు, మొత్తం 1,080 ఘనపుటడుగులు. గంటకు ఆరుసార్లు గాలి మారాలంటే నిమిషానికి 108 చాలు. కాబట్టి పెట్టె మీది అంకెలో సగమే అందినా నాకు లోటు రాలేదు. కొనబోయేవాళ్లు తమ అవసరానికి రెట్టింపు అంకె ఉన్నది తీసుకుంటే మంచిది.

బిగించిన తీరు ఇది: పంట గది లోపల పైకప్పుకు గొలుసులతో ఫిల్టరు, దాని వెనక ఫ్యాను, ఆ తరవాత గోడకు తొలిచిన రంధ్రం గుండా గొట్టం బయటికి. ఫ్యాను ఫిల్టరు గుండా గాలిని లాగాలే గాని ఫిల్టరులోకి నెట్టకూడదు. లాగే పద్ధతిలో ఫ్యాను రెక్కలకు శుభ్రమైన గాలే తగులుతుంది. ముత్యపు చిప్ప పుట్టగొడుగులు కోత ఆలస్యమైతే తెల్లటి బీజాల పొడిని గదంతా చల్లుతాయి. ఆ పొడి రోజూ పీలిస్తే ఊపిరితిత్తులకు అలర్జీ జబ్బు రావచ్చు, మాస్కు లేకుండా కోతకు వెళ్లవద్దు. ఫిల్టరు మీద తొడిగే బట్ట తొడుగు ఆ పొడిలో చాలా భాగాన్ని పట్టుకుంది. నెలకోసారి విప్పి ఉతికినప్పుడు నీళ్లు బియ్యం కడుగులా తెల్లగా దిగేవి.

ఏప్రిల్, మే నెలల్లో వాసన పూర్తిగా పోయింది. పెద్దమ్మ వడియాలు ఎండబెట్టుకోవడానికి మిద్దె ఎక్కి, గంటసేపు కూర్చుని, ఒక్క మాటా అనకుండా దిగిపోయింది. నాకు అంతకన్నా పెద్ద పరీక్ష అక్కర్లేకపోయింది.

జూలై నుంచి కొద్దికొద్దిగా వాసన మొదలైంది, దీపావళి తరవాత వానలు పట్టుకున్నాక ఫిల్టరు ఉన్నా లేనట్టే అయింది. నేను మొదట బొగ్గు కల్తీదనుకున్నాను. అమ్మినవాళ్లకు ఫోను చేస్తే, రెండేళ్లు పనిచేయాల్సిందేనని, గది వాసనే ఎక్కువై ఉంటుందని అన్నారు. ఆ మధ్యాహ్నం తొడుగు ఉతకడానికి ఫిల్టరును దించుతుంటే చేతులకు బరువు తేడాగా అనిపించింది. పుట్టగొడుగులు తూచే పది కిలోల కాటా మీద నిలబెట్టాను. కొన్ననాడు సరదాకు తూచి గోడ మీద పెన్సిలుతో రాసుకున్న అంకె 7 కిలోల 100 గ్రాములు. ఇప్పుడు కాటా 8 కిలోల 600 చూపించింది. కిలోన్నర బరువు ఎక్కడినుంచి వచ్చిందా అని ఫిల్టరును పక్కకు వంచి జాలీ మీద వేలు పెడితే వేలికి నల్లటి తడి అంటింది. నేను వాసన పట్టమని తగిలించిన బొగ్గు ఎనిమిది నెలలుగా నీళ్లు పట్టుకుంటూ వచ్చింది.

దీని వెనక ఉన్న సంగతి తెలుసుకున్నాక ఇంత డబ్బు తగలేసే ముందు ఎవరూ ఎందుకు చెప్పలేదా అని కోపం వచ్చింది. కొబ్బరి చిప్పల నుంచి చేసే ఈ బొగ్గులో కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. ఒక్క గ్రాము బొగ్గులోని లోగోడలన్నీ పరిస్తే వెయ్యి చదరపు మీటర్ల దాకా వస్తాయి. వాసన అణువులు ఆ గోడలకు అతుక్కుంటాయి. గాలిలో తేమ 70 శాతం దాటుతున్నకొద్దీ నీటి ఆవిరి ఆ రంధ్రాల్లోనే చేరి నీరై, వాసనకు చోటు లేకుండా చేస్తుంది. పంట గదిలో తేమ 80 నుంచి 90 శాతం ఉండాలి, లేకపోతే మొగ్గలు ఎండిపోతాయి. అంటే పుట్టగొడుగుకు ఏది ప్రాణమో బొగ్గుకు అదే గండం. పొడి వాతావరణంలో మొక్కలు పెంచే గదుల కోసం తయారైన ఈ సరుకును పుట్టగొడుగుల వాళ్లకు అమ్మేటప్పుడు ఈ ఒక్క ముక్క చెప్పాలి. చెప్పలేదు. మార్చుకుంటామని వారంటీ కింద అడిగితే తడి తగిలిన సరుకును తీసుకునేది లేదన్నారు.

జనవరిలో ఎండ తిరిగాక ఫిల్టరును నాలుగు రోజులు మిద్దె మీద ఆరబెట్టాను. బరువు 7 కిలోల 300కు దిగింది. పనితనం తిరిగి వచ్చిందనే అనుకున్నాను, అది మూడు వారాల ముచ్చటే అయింది. ఎండ నీటిని తీసేయగలదు గాని రంధ్రాల్లో అతుక్కున్న వాసన పదార్థాలను వదిలించలేదు. వాడిన బొగ్గును మళ్లీ కొత్తదిగా మార్చాలంటే కొలిమిలో ఆవిరితో 800 డిగ్రీల దరిదాపుల్లో కాల్చాలి. కాబట్టి ఎండబెడితే ఫిల్టరు ఎన్నాళ్లయినా వస్తుందని ఎవరైనా చెబితే, అందులో సగమే నిజం.

ఆ నవంబరులోనే తొందరపాటుతో ఇంకో పొరపాటు చేశాను. వాసనను విరగ్గొడుతుందని చెప్పి అమ్మే చిన్న ఓజోన్ యంత్రాన్ని తెచ్చి గొట్టంలో పెట్టాను. వాసన కొంత తగ్గిన మాట నిజమే. అయితే కరెంటు నిప్పురవ్వ ఎగిరినప్పుడు వచ్చేలాంటి ఘాటు గదిలో నిలిచి, అరగంట ఉంటే గొంతు మండేది. కిటికీకి వేసిన రబ్బరు పట్టీ రెండు నెలల్లో పగుళ్లిచ్చింది. ఓజోన్ ఊపిరితిత్తులకు హాని చేసే వాయువు. మనుషులు తిరిగే ఇంట్లో, తినే పంట పండే గదిలో దానికి చోటు లేదు. తీసి అటక మీద పడేశాను.

2023 మార్చిలో మొత్తం అమరికను విప్పి, ఏ గదిలో ఏ వాసన ఎంతుందో ముక్కుతోనే వారం రోజులు తిరిగి చూసుకుని, మళ్లీ బిగించాను. అప్పుడు తేలిందేమంటే పంట గది గాలిలో వాసన నిజానికి తక్కువ. అది పెద్దమ్మ కిటికీలోకి పోకుండా ఎత్తున వదిలితే చాలు, ఫిల్టరుతో పనే లేదు. ముక్కవాసన పుట్టేది చీకటి గదిలో. అక్కడ తేమ సంచుల లోపల ఉంటుంది గాని గదిలో 60, 65 శాతానికి మించదు, పైగా స్పాన్ పాకుతున్న బెడ్లు తమంతట తామే వేడెక్కి గది గాలిని కాస్త పొడిగా ఉంచుతాయి. బొగ్గు ఉండాల్సిన చోటు అది. ఆరంగుళాల ఫ్యానును ఫిల్టరు లేకుండా పంట గదికి వదిలేసి, చీకటి గదికి నాలుగంగుళాల చిన్న ఫ్యాను మరొకటి కొని, దానికి ఈ ఆరంగుళాల ఫిల్టరునే కొత్త బొగ్గు నింపి రెడ్యూసరుతో (పెద్ద మూతిని చిన్న మూతికి కలిపే ముక్కతో) తగిలించాను. చిన్న ఫ్యానుకు పెద్ద ఫిల్టరు కావడంతో గాలి బొగ్గులో నిదానంగా నడుస్తుంది, అతుక్కోవడానికి వ్యవధి దొరుకుతుంది. ఆ మార్పుతో వచ్చిన తేడా అంతకుముందు ఏడాది పడ్డ పాట్లన్నిటికంటే ఎక్కువ. ఆ బొగ్గు 2024 సెప్టెంబరు దాకా, అంటే ఏడాదిన్నర నడిచింది.

కార్తీకంలో బయటి గాలే రాత్రిపూట 85 శాతం తేమతో ఉంటుంది కదా, అప్పుడెలా అని అడగవచ్చు. దానికి నేను చేసిన ఉపాయం చెబుతాను, కొంచెం మొరటుగా ఉంటుంది. 27 డిగ్రీల దగ్గర 85 శాతం తేమ ఉన్న గాలిని 30 డిగ్రీలకు వేడి చేస్తే అందులోని నీళ్లు అంతే ఉన్నా తేమ శాతం 71కి దిగుతుంది. ఖాళీ నూనె డబ్బాకు రెండు పక్కలా రంధ్రాలు చేసి, లోపల వంద వాట్ల పాతకాలపు బల్బు పెట్టి, ఫిల్టరుకు రెండడుగుల ముందు, గాలి దాని మీదుగా వచ్చేట్టు అమర్చాను. డబ్బాలో ఉండటంతో వెలుతురు బెడ్ల మీద పడదు. ఫ్యాను నిమిషానికి 60 ఘనపుటడుగుల నిదానం మీద తిరిగితేనే ఆ మూడు డిగ్రీలు వస్తాయి. వేగం పెంచితే వేడి చాలదు. బొగ్గు పొడికి నిప్పు భయం ఉంటుంది కాబట్టి బల్బును ఫిల్టరుకు ఆనించడం గాని, ఫ్యాను ఆగినా బల్బు వెలిగే వైరింగు గాని చేయకూడదు. రెండింటికీ ఒకే స్విచ్చి పెట్టించి, ఫ్యాను ఇరుక్కుపోయినా ఆరిపోయేట్టు డబ్బాలో వేడికి తెగే చిన్న కట్‌ఆఫ్ కూడా వేయించాను. ఏడాదికి రెండు నెలలు, రాత్రుళ్లు మాత్రమే వాడతాను.

ఈ అమరికలో నన్ను అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టింది మాత్రం ఫిల్టరు కాదు, గాలి ఎటునుంచి ఎటు నడవాలన్న సమస్య. వాసన బయటికి పొక్కకూడదంటే గదిలోంచి బయటికి లాగే గాలి, లోపలికి వచ్చే గాలి కంటే కొంచెం ఎక్కువగా ఉండాలి. అప్పుడు తలుపు సందుల్లో గాలి లోపలికే పోతుంది. దీన్ని చూడటానికి అగరుబత్తిని మించిన పరికరం లేదు. వెలిగించి తలుపు కింది సందు దగ్గర పట్టుకుంటే పొగ తీగలాగా వంగి లోపలికి దూరాలి. నిటారుగా లేస్తే ఫ్యాను చాలడం లేదని అర్థం, ఇటువైపు తిరిగితే వాసన ఇంట్లోకి వస్తోందని అర్థం. అయితే పుట్టగొడుగుల్లో దీనికి ఎదురు న్యాయం ఒకటుంది. శుభ్రంగా ఉండాల్సిన గదిలోకి బయటి గాలిని పీల్చితే దానితోపాటు బూజు బీజాలూ వస్తాయి. మొదటి ఏడాది పంట గది ఫ్యాను బలంగా లాగుతుంటే, దోమల వల దుమ్ముతో మూసుకుపోవడంతో కిటికీ గుండా రావాల్సిన గాలి రాక, చీకటి గది తలుపు సందులోంచి వచ్చింది. ఆ వారం చీకటి గదిలో ట్రైకోడెర్మా ఆకుపచ్చ బూజు పట్టిన సంచి ఒకటి నా కంట పడకుండా వేలాడుతోంది. పది రోజుల్లో పంట గదిలో కేసింగ్ మట్టి (బెడ్ల మీద పరిచే మట్టి పొర) మీద ఆకుపచ్చ మచ్చలు దిగి, అరవై బెడ్లలో ఇరవై రెండు తీసి పారేయాల్సి వచ్చింది. ఆ నష్టం ఈ సామాను ఖరీదు కంటే ఎక్కువ.

ఇప్పుడు రెండు గదుల మధ్య తలుపుకు కింద రబ్బరు పట్టీ, నడవాలో మరో తలుపు ఉన్నాయి. చీకటి గది ఎప్పుడూ నిదానంగా లాగుతూ ఉంటుంది, పంట గదిని దానికంటే తక్కువ ఒత్తిడి తేడాతో నడుపుతాను. పంట గదికి గాలి వచ్చే కిటికీ, పోయే గొట్టానికి మూడు రెట్ల వైశాల్యంతో ఉంటుంది. దానికి 40 మెష్ (అంగుళానికి 40 కన్నులున్న) వల వేశాం, ఈగలు దూరవు; వారానికోసారి కడక్కపోతే గాలి మాత్రం సగానికి పడిపోతుంది. మొదట్లో కరెంటు మిగులుతుందని టైమరు పెట్టి గంటలో పావుగంట నడిపేదాన్ని, ఆగిన ముప్పావు గంటలో వాసన తలుపు కింద నుంచి మెట్ల మీదికి దిగేది. రెగ్యులేటరు పెట్టి తక్కువ వేగంతో ఎడతెగకుండా నడపడమే నయం. వేగం తగ్గితే కరెంటు వాడకం ఆ తగ్గుదల కంటే చాలా ఎక్కువగా తగ్గుతుంది కాబట్టి ఖర్చు కూడా పెరగలేదు. ఆరంగుళాల ఫ్యాను పూర్తి వేగంలో 60 వాట్లు, అంటే రోజంతా తిరిగితే యూనిట్టున్నర లోపే.

గాలి సరిగా మారుతోందో లేదో పుట్టగొడుగే చెబుతుంది. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడు సుమారు 420 పీపీఎం (పది లక్షల్లో అన్ని వంతులు) ఉంటుంది. గదిలో వెయ్యి దాటి పోతున్నకొద్దీ ముత్యపు చిప్పకు కాడ సాగి, గొడుగు బొత్తాము గుండీలా మిగిలిపోతుంది. నా గదిలో కింది వరుస బెడ్లకే కాడలు సాగుతుంటే, గాలిని పైనుంచి లాగడం తప్పని తెలిసి, గొట్టం నోటిని నేలకు రెండడుగుల ఎత్తుకు దించాను. ఆ తరవాతి కోతకే కింది వరుస తేరుకుంది.

గొట్టాల సంగతి. వంగే అల్యూమినియం గొట్టం చూడటానికి సులువు, దాని ముడతలు గాలిని ఆపుతాయి, తెల్లవారుజామున చల్లబడినప్పుడు తడి గాలిలోని ఆవిరి లోపల నీరై, వంపులో దిగి చెంబుడు నిలుస్తుంది. ఒకసారి ఆ నీళ్లు వెనక్కి జారి ఫ్యాను మోటారులోకి పోయాయి. దాన్ని తీసేసి 160 మిల్లీమీటర్ల పీవీసీ పైపు వేసి, బయటివైపు వాలు ఇచ్చాను. ఫ్యాను మూతికి, పైపుకు మధ్య వదులును సైకిలు ట్యూబు ముక్క చుట్టి క్లిప్పుతో బిగిస్తే సరిపోయింది. బయట పైపు చివర ఎక్కడుండాలన్నది ఫిల్టరు కంటే ముఖ్యం. వేసవి పొద్దుటి పూట పడమటి గాలి, మధ్యాహ్నం దాటాక సముద్రం మీది తూర్పు గాలి మాకు మామూలు. పెద్దమ్మ ఇల్లు తూర్పున ఉంది గనుక ఇబ్బందంతా పొద్దున పూటే. పైపును పిట్టగోడ కంటే ఆరడుగుల ఎత్తుకు లేపి నిటారుగా ఆకాశంలోకి వదిలాను. దాని నెత్తిన మొదట వాన పడకుండా గొడుగు లాంటి రేకు టోపీ పెట్టారు. ఆ టోపీ గాలిని కిందికి తోసి సరిగ్గా ఆమె మిద్దె మీదికే పంపేది. దాన్ని తీసి, పైపు చుట్టూ వెడల్పాటి మరో పైపు ముక్కను కొంచెం ఎడంగా తొడిగించాను. వాన నీళ్లు ఆ సందులోంచి కారిపోతాయి, గాలి పైకే పోతుంది.

2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిగ్‌జాం తుఫానుకు ముందు రోజుల్లో కురిసిన వానకు ఆ ఏర్పాటు కూడా తట్టుకోలేదు. ఏటవాలు జల్లు పైపులోంచి దిగింది. కరెంటు ఒకటిన్నర రోజు లేదు. ఫ్యాను ఆగగానే బయటి గాలి గొట్టం గుండా వెనక్కి తిరిగి వచ్చి పంట గదిలో చేరింది. ఫ్యాను లేక గదిలో గాలి సరిగా మారకపోవడంతో ఆ వారం కోసిన ముత్యపు చిప్పలు కాడలే తప్ప గొడుగులు లేనివి. ఆ తరవాత గొట్టంలో గాలి ఆగితే తనంతట పడిపోయే రేకు రెక్క ఒకటి పెట్టించాను, 350 రూపాయలు. మొదటి రోజే పెట్టుకోవాల్సింది.

మరమ్మతులు పెద్దగా లేవు. పద్నాలుగో నెలలో, మే నెల లో-వోల్టేజీ రోజుల్లో, కెపాసిటరు పోయింది. వీధి చివర మోటారు మెకానిక్కు 60 రూపాయలదేదో వేసి ఇచ్చాడు. రెండేళ్లు దాటాక బేరింగులు ఈల వేయడం మొదలుపెట్టాయి, మార్పించాను. ఉప్పు గాలికి స్క్రూలు తుప్పు పట్టాయి, స్టీలువి వేసుకున్నాను. ఫ్యానుకు గొలుసులు నేరుగా తగిలిస్తే స్లాబు మొత్తం బోరుమంటుంది. మధ్యలో పాత టైరు రబ్బరు ముక్కలు వేస్తే కింద పడుకున్నవాళ్లకు వినిపించదు.

బొగ్గు మార్చడానికి కొత్త ఫిల్టరు కొననక్కరలేదు. అడుగు మూత విప్పే రకమైతే చాలు. మన ఊళ్లలో వీధికొకటి ఉన్న మంచినీళ్ల ప్లాంట్లకు గుళికల బొగ్గు సరఫరా చేసేవాళ్ల దగ్గర కిలోల లెక్కన దొరుకుతుంది. నీళ్ల బొగ్గుకు వాళ్లు అయోడిన్ అంకె (నీళ్లలో పట్టే శక్తికి కొలత) చెబుతారు. గాలికి వాడేదానికి సీటీసీ అంకె (ఆవిరిని పట్టే శక్తికి కొలత) అడగాలి, అడిగితే వేరే సంచి చూపిస్తారు. నింపేటప్పుడు దుమ్ము జల్లించి, ఫిల్టరును నేలకేసి తడుతూ నింపాలి. సరిగా కూరకపోతే పైన ఖాళీ ఏర్పడి గాలంతా బొగ్గును తాకకుండా ఆ ఖాళీలోంచే దాటిపోతుంది. నా మొదటి ప్రయత్నంలో అలాగే జరిగింది. రెండు రోజులు వాసన ఎందుకు వస్తోందో అర్థం కాక, మూత విప్పితే నాలుగు వేళ్ల మందం ఖాళీ కనిపించింది.

ఫిల్టరు చేయలేని పనులు కొన్ని ఉన్నాయి. మామూలు బొగ్గుకు అమోనియా అంటదు, ఫార్మలిన్ ఘాటు కూడా సరిగా అంటదు. గడ్డిని ఫార్మలిన్, కార్బెండజిమ్ అనే బూజు మందులు కలిపిన చల్లనీళ్లలో నానబెట్టే పద్ధతి పాటించేవాళ్లు ఈ ఫిల్టరు మీద ఆశ పెట్టుకోకుండా ఆ పని ఆరుబయట చేసుకోవాలి. నేను వేడినీళ్ల పద్ధతికే వచ్చాను. 80 డిగ్రీల నీళ్లలో గంటసేపు ఉంచి, కారే నీళ్లను అదే పూట చెట్ల పాదుల్లో పోస్తే పులుపు కంపు పుట్టదు. అయిపోయిన బెడ్లను కోత ముగిసిన మర్నాడే సంచులకెత్తి కిందికి దింపుతాం. పొదలకూరు వైపు నిమ్మతోట ఉన్న మా చిన్నాన్న వారానికోసారి వచ్చి ట్రాలీలో వేసుకుపోతాడు. ఈ రెండు అలవాట్లూ ముందునుంచే ఉండి ఉంటే సగం వాసన ఫిల్టరు దాకా వచ్చేదే కాదు.

కాబట్టి ఫ్యానుకు నా మార్కులు అయిదుకు నాలుగున్నర. ఆ సగం తగ్గించింది పెట్టె మీది అంకెకు. ఫిల్టరుకు పంట గదిలో అయితే ఒకటి, చీకటి గదిలో అయితే నాలుగు. రెండూ జతగా అమ్ముతున్నారని జతగా కొనవద్దు. ముందు ఫ్యాను, పీవీసీ పైపు, రేకు రెక్క కొని నెల రోజులు నడిపి, అప్పటికీ వాసన మిగిలితే ఫ్యాను కంటే ఒక సైజు పెద్ద ఫిల్టరు, అదీ అడుగు మూత విప్పే రకం, తేమ తక్కువున్న గదికి తీసుకోండి. కొన్న రోజునే తూచి బరువు ఎక్కడైనా రాసి పెట్టుకోండి. నా ఫిల్టరు పోయిన ఆదివారం 7 కిలోల 400 తూగింది. నవంబరు లోపు 7 కిలోల 700 దాటితే నూనె డబ్బాలో బల్బు వెలిగిస్తాను.